మొదటి సీసా ఫజిలత్ గారిది

1974 జూలై ఒకటో తేదీన ఖమ్మం ప్రభుత్వ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరిన కుమారి ఫజిలత్ బేగం గారు, ముప్పై అయిదేళ్ల అవిశ్రాంత సేవానంతరం ఈ 2009 జూన్ ఆఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

2001లో భద్రాచలంలో మన పరిశోధన విభాగం ఆరంభమైనప్పుడు, జంకినవారు జంకగా, ఆమె ట్రంకు పెట్టెతో బస్సు దిగారు. రోగాన్ని ఎదిరించే జన్యువులు ఒక్కో జనసమూహంలో ఎంత భిన్నంగా ఉంటాయో, అడవి పల్లెల్లోనూ మైదాన గ్రామాల్లోనూ రక్తం సేకరించి పోల్చడమే మన పని. ప్రతి విడత పరీక్షలోనూ ఫలితం ముందే తెలిసిన నమూనా ఒకటి ఉండాలి. అది సరిగ్గా వస్తేనే మిగిలినవాటిని నమ్ముతాం. ఎవరినో అడగడమెందుకని ఆమె తన రక్తమే ఇచ్చారు.

పర్ణశాల దారిలోని తండాలో హేమ్లి అనే పెద్దావిడ చేయి చాచకుండా నిలదీసింది.

"మా నెత్తురు పక్కన నీ నెత్తురెందుకు? కాపలానా?"

"అవ్, అవ్వా. నాది తప్పొస్తే మీదంతా మళ్ల చేయాలె."

"అయితే జర మంచిగ తిను. పుల్ల లెక్క ఉన్నవ్," అంటూ హేమ్లి ముందుగా ఆమె చేతిలో జొన్నరొట్టె పెట్టి, ఆపైనే చేయి చాచింది.

2005లో ఫజిలత్ గారి ఏకైక తోబుట్టువు, ఖమ్మంలో గడియారాలు బాగుచేసే అజారుద్దీన్ గారికి రక్త క్యాన్సర్ వచ్చింది. ఎముక మజ్జ మార్చాలన్నారు. అందుకు దాతతో కలవాల్సినవి మనం పరీక్షించే ఈ జన్యువులే. తన ఫలితం ఆమెకు కంఠస్థం. హైదరాబాదులో తమ్ముడి ఫలితం చూస్తూనే, వైద్యులు నోరు విప్పకముందే, ఆమెకు తెలిసిపోయింది. ఒక్కటీ కలవలేదు.

"ఏంది ఆపా గిది? మనం ఒక్క అమ్మ పిల్లలమే కదా?" అన్నారాయన.

పల్లెపల్లెనా చెప్పిన జవాబే ఆమె తమ్ముడికీ చెప్పారు. "అమ్మ దగ్గర సగం, అబ్బా దగ్గర సగం వస్తదిరా. నాకొచ్చిన సగం నీకు రాలే, నీకొచ్చింది నాకు రాలే. మనిద్దరం కలిస్తేనే వాళ్లిద్దరు."

బయటి దాతలెవరూ దొరకలేదు. ఆ ఏడాదే ఆయన కన్నుమూశారు. అమ్మానాన్నల్లో సగం వాడితో వెళ్లిపోయిందని ఆమె ఒక్కసారే అన్నారు. సెలవు ముగియగానే వచ్చి, ఆ విడతలో మొదటి సీసాగా మళ్లీ తనదే పెట్టారు. ఆ తర్వాత ఎన్ని నమూనాలు దాని పక్కన చేరినా, ఆమెతో పూర్తిగా కలిసినది ఒక్కటీ రాలేదు. ప్రతిసారీ ఆమె వెతికేవారు. మేము చూసీ చూడనట్టు ఉండేవాళ్లం.

మొన్న మా కొత్త టెక్నీషియన్ కోటేష్ నసుగుతూ అడిగారు. "మేడమ్, ఇగ మీ సీసా ఉంచాల్నా, తీసెయ్యాల్నా?"

"ఉండనియ్ కోటేష్. ఇంట్ల నేనొక్కదాన్నే. అదన్న ఇక్కడ నలుగురితోని ఉంటది."

ఆ సీసా పక్కన పనిచేసే మేమంతా ఇకపై ఆమె ఇంటి తలుపూ తట్టాలని, ఫజిలత్ గారు ఆయురారోగ్యాలతో, నిండు నూరేళ్లు, మాకు ఆ తలుపు తీస్తూనే ఉండాలని మనసారా కోరుకుంటున్నాం.