సలోమమ్మ కాలవ దాటిన కథ

సలోమమ్మకి చావంటే భయం లేదంట. కాలవంటేనే భయం. చావుకీ కాలవకీ ఏంది సంబంధం అంటారా, చెప్తా, తొందరపడమాకండి. ఆమెది కొమ్మరేవుపాలెం పల్లె. ఊరేమో కాలవకి ఈపక్క, ఊరి దిగువన మన పల్లె, అదీ ఈపక్కే. సమాధుల దొడ్డి మాత్రం ఆపక్క. ఎందుకట్టా అంటే, ఎవరికీ పనికిరాని చోటేదో అది మనకిచ్చారు తాతల నాడు, ఇంకెందుకు. మధ్యలో కాలవ, దాని మీద ఒక తాటిదుంగ. బతికున్నోళ్ళు ఒకరెనక ఒకరు దుంగ మీద పోతారు. మరి నలుగురు మోసే పెట్టె దుంగ మీద ఎట్టా పోద్ది? నీళ్ళల్లోకి దిగాల్సిందే. ఎండాకాలంలో పోయినోడు అదృష్టవంతుడనుకో, కాలవ కట్టేసుంటది, మడమ తడవకుండా పోతాడు. శ్రావణంలో పోయాడా, మోసేవాళ్ళకి రొమ్ముల్లోతు నీళ్ళు. సలోమమ్మ మొగుడు యోహాను శ్రావణంలోనే పోయాడు. నెత్తుల మీద పెట్టుకుని దిగారంట నలుగురూ. నడిమధ్యలో ఒకడి కాలు జారింది. పెట్టె నీళ్ళల్లో పడి తేలిపోయింది. ఒడ్డున పాట పాడేవాళ్ళు పాట ఆపేసి గట్టెంబడి పరిగెత్తారు. మైలు దూరం పోయి తూము దగ్గర తట్టుకుందంట. పక్కూరి వాళ్ళు చేపలు పట్టుకునేవాళ్ళు చూసి కేకేశారు. ఆ తడిసిన పెట్టెని మళ్ళీ మోసుకొచ్చి పూడ్చారు. సలోమమ్మ అప్పుడు ఏడవలేదంట. గట్టు మీద కూచుని ఒకటే మాట, "ఆయన్ని చెత్తలాగా నీళ్ళు ఈడ్చుకుపోయినాయి. నేను మాత్రం ఈ నీళ్ళల్లో పోను. నా పెట్టె తడవకూడదు" అందంట. అదీ ఆమె పంతం.

ఇక అప్పట్నుంచీ ప్రతి ఆదివారం గుళ్ళో లేచి నిలబడేది. "వంతెన కోసం ప్రార్థన చెయ్యండి" అనేది. సంఘమంతా ఆమేన్ అనేది. ఒకటి కాదు రెండు కాదు, పన్నెండేళ్ళు ఆమేన్ అన్నారు. అట్టాగని ఊరికే కూచున్నారా అంటే, లేదు, సంఘపెద్ద జక్కరయ్య రెండుసార్లు అర్జీ కూడా రాసిచ్చొచ్చాడు. ఇచ్చొచ్చి ఇంట్లో కూచున్నాడు. ఆ కాగితం ఏ బల్ల మీదుందో, ఏ బీరువా కిందుందో ఎవరడిగారు? ఆఫీసు గుమ్మంలో నిలబడి అడగాలంటేనే మనవాళ్ళకి భయం ఆ రోజుల్లో. ఇప్పుడు మీరు నవ్వుతున్నారు గానీ మీ తాతలూ అంతే.

ఇట్టా ఉండగా ఏమైందంటే, గుడికి కొత్త అయ్యగారొచ్చాడు. దైవాధీనం అయ్యగారని, బక్కపల్చటి మనిషి, మాట మాత్రం గట్టిది. మన గుళ్ళో ఒక వాడుకుంది కదా, ఎవరికైనా జబ్బు చేస్తే ప్రార్థన చెయ్యమని చెప్పినప్పుడు అయ్యగారు కాగితం మీద రాసుకుంటాడు. పేరేంటి, ఊరేది, బాధేంటి, ఎన్నాళ్ళ నుంచి. అవన్నీ మైకులో చదివి, పేరు పేరునా ప్రార్థన చేస్తాడు. మొదటి ఆదివారం సలోమమ్మ లేచి ఎప్పట్లాగే వంతెనంది. అయ్యగారు పెన్సిలు పట్టుకుని, "అమ్మా, వంతెన ఎవరు కట్టాలి?" అన్నాడు. "కాలవల ఆఫీసోళ్ళు బాబూ." "ఆఫీసోళ్ళంటే? ఆయన పేరేంటి?" ఎవరికి తెలుసు? జక్కరయ్య వంక చూశారు, జక్కరయ్య గుడి పైకప్పు వంక చూశాడు. "పేరు తెలీకుండా ప్రార్థన ఎట్టా చేస్తామమ్మా? జ్వరమొచ్చినోడి పేరు చెప్పకుండా పల్లెలో ఎవడికో జ్వరం తగ్గించు ప్రభువా అంటామా? పోయి కనుక్కుని రా" అన్నాడంట. ఆయన మాటవరసకన్నాడో, మనసులో పెట్టుకునే అన్నాడో నాకు తెలీదు. సలోమమ్మ మాత్రం దాన్ని దేవుడి మాట అనుకుంది. సోమవారం పొద్దున్నే తెల్లచీర కట్టుకుని, పాటల పుస్తకం చంకన పెట్టుకుని, టౌను బస్సెక్కింది. ఆమెకి చదువు రాదు. పాటలన్నీ నోటికే వచ్చు. అయినా పుస్తకం లేకుండా గడప దాటదు.

ఆఫీసులో గుమాస్తా ఒకాయన ఉన్నాడంట. తలెత్తకుండానే, "అర్జీ ఆ పెట్టెలో వేసిపో" అన్నాడు. "అర్జీ కాదు బాబూ, నీ పేరు కావాలి" అంది. "నా పేరెందుకు?" "ప్రార్థన చెయ్యడానికి." అప్పుడు తలెత్తాడు. ఇన్నేళ్ళ సర్వీసులో తిట్టడానికి పేరడిగినోళ్ళున్నారు గానీ ప్రార్థనకి అడిగినోళ్ళు లేరు కదా. నవ్వొచ్చింది ఆయనకి. "నేను శివాలయానికి పోయేవాణ్ణి మామ్మా" అన్నాడు. "దానికేం నాయనా, నొప్పికి గుడేంటి, నీకేం బాధుందో చెప్పు" అంది. అట్టా అడిగేసరికి ఆయన మెత్తబడి, కడుపులో మంట, ఏం తిన్నా పైకి తంతది అని చెప్పుకున్నాడు. ఈమె పాటల పుస్తకం వెనక తెల్లకాగితం తెరిచి, "నాకు రాయడం రాదు, నీ చేత్తోనే రాయి. పేరు, బాధ. అట్టాగే మా వంతెన కాగితం నీ దగ్గర ఎన్నాళ్ళ నుంచి ఉందో అదీ రాయి, అయ్యగారు అడుగుతాడు" అంది. ఆయన వెతికాడు. వెతక్క ఏం చేస్తాడు, పక్కన నిలబడుందిగా. కట్ట కింద దొరికింది. నాలుగేళ్ళ నుంచి అక్కడే ఉంది. కాస్త సిగ్గుపడి, అట్టాగే రాశాడంట.

ఆదివారం వచ్చింది. మన గుడి మీద మైకు ఎటు తిరిగుంటదో మీకు తెలుసుగా, నేరుగా రోడ్డు మీదకి. అయ్యగారు చదివాడు. రాహేలుకి మోకాళ్ళ నొప్పి, రెండు నెలల నుంచి. కాలవల ఆఫీసు గుమాస్తా గారికి, పేరుతో సహా చదివాడు, నాకే ఆ పేరు గుర్తులేదు, కడుపులో మంట, ఆరు నెలల నుంచి. వారి బల్ల మీద మన వంతెన కాగితం, నాలుగేళ్ళ నుంచి. ప్రభువా, ఈ మూడు బాధలూ తీర్చు. సంఘమంతా ఆమేన్. జక్కరయ్య మాత్రం కూడిక కాగానే అయ్యగారి మీద పడ్డాడు. "గుళ్ళో ఆఫీసోళ్ళ పేర్లేందండీ, వాళ్ళకి తెలిస్తే మన కొంపలుంటాయా?" అన్నాడు. సలోమమ్మ వెనక్కి తిరిగి, "నేనేమన్నా వాణ్ణి తిట్టానా జక్కరయ్యా? వాడి కడుపు చల్లగుండాలన్నాను" అంది. నిజంగానే అంది, వెటకారం లేదు ఆమెకి. రాత్రిళ్ళు కూడా ఆ గుమాస్తా కడుపు కోసం మోకాళ్ళ మీద ఉండేదంట. అదీ తేడా. వెటకారంతో చేస్తే అది అల్లరవుద్ది, ప్రార్థన అవదు.

గుమాస్తాకి ఆ సంగతి ఎవరో చేరేశారు. కోపమొచ్చిందా అంటే రాలేదు, కాగితం దులిపి పైకి పంపాడు. సలోమమ్మ మళ్ళీ పోయి కనుక్కుని, కృతజ్ఞతా స్తుతి చెప్పించింది. ఇప్పుడు కాగితం ఇంజనీరు భానుమూర్తి గారి బల్ల మీద. ఆయన దగ్గరికీ పోయింది. ఆయన దర్జా మనిషి. తొందరలో ఉండి, ఈమెని వదిలించుకోడానికి, వాళ్ళమ్మకి కంట్లో పొర వచ్చిందని, కాగితం మొన్న బుధవారం చేరిందని పుస్తకంలో గబగబా రాసిచ్చి మర్చిపోయాడు. ఆయన మర్చిపోయాడు, మన మైకు మర్చిపోదుగా. మొదటి ఆదివారం, రెండో ఆదివారం, ఐదో ఆదివారం. "ఇంజనీరు భానుమూర్తి గారి తల్లిగారికి కంటిచూపు దయచెయ్యి. భానుమూర్తి గారి చేతికి సంతకం పెట్టే బలం దయచెయ్యి." ఊళ్ళో టీ కొట్టు దగ్గర జనం ఆగి మరీ వినేవాళ్ళంట, ఇయ్యాల్టికి ఇంజనీరు గారి చెయ్యి బాగుపడిందా అని.

ఏడో ఆదివారం ఏమైందంటే, ఆయన జీపు మన రోడ్డున పోతా ఉంది. మైకులో తన పేరు వినపడింది. జీపాపి తిన్నగా గుళ్ళోకొచ్చాడు. మొహం కందగడ్డ అయిపోయింది. అయ్యగారు ప్రార్థన ఆపేశాడు. జక్కరయ్య లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. "ఎవరు నా పరువు తీస్తోంది?" అన్నాడు ఇంజనీరు. ఆడాళ్ళ వరసలోంచి సలోమమ్మ లేచి ఎదురెళ్ళి, "వందనాలు బాబూ, అమ్మగారి కన్ను ఎట్టా ఉంది?" అంది. తిడదామని వచ్చినోణ్ణి తల్లి కన్నెట్టా ఉందని అడిగితే ఏం తిడతాడు? "ఆపరేషన్ చేయించాను. బాగానే ఉంది" అన్నాడు, గొంతు తగ్గింది. వెంటనే ఆడాళ్ళందరూ స్తోత్రం స్తోత్రం అన్నారంట. ఆయన సర్దుకుని, "అది సరే, మీ కాగితం నా దగ్గరికి రానే లేదు, అనవసరంగా నా పేరు లాగుతున్నారు" అన్నాడు. ఈమె పాటల పుస్తకం వెనక పేజీ తెరిచి ముందు పెట్టింది. ఆయన చేతిరాతే. బుధవారం చేరిందని ఆయనే రాశాడు.

అప్పుడు ఆయన నిజం చెప్పాడు. "చూశానమ్మా. కింద నుంచి వచ్చిన రిపోర్టులో, ఆవలి గట్టున నివాసాలు లేవు, రాకపోకలు లేవు, దుంగ ఉంది, వంతెన అక్కర్లేదని ఉంది. నేను ఏమని సంతకం పెట్టను?" అన్నాడు. సలోమమ్మ అందంట, "నివాసాలు లేకేం బాబూ, మావాళ్ళు రెండొందల మంది అక్కడే ఉన్నారు. రాకపోకలంటావా, పోకలే గానీ రాకలు లేవు, ఆ మాట నిజమే. రా, నీ కళ్ళతో చూద్దువుగాని" అని ముందు నడిచింది. సంఘమంతా వెనకాల. కాలవ నిండుగా పోతా ఉంది, శ్రావణమే అది కూడా. ఆయన దుంగ చూసి, "దీని మీద నడవచ్చుగా" అన్నాడు. "ఇది బతికున్నోళ్ళ దారి బాబూ. పెట్టె పోయే దారి చూపిస్తానుండు" అని, డెబ్భై రెండేళ్ళ మనిషి, చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని నీళ్ళల్లోకి దిగింది. ఏ కాలవంటే పన్నెండేళ్ళుగా ఒళ్ళు జలదరించేదో ఆ కాలవలోకే. మోకాలు, తొడ, నడుము. "వద్దమ్మా! వద్దు, పైకి రా!" అని ఇంజనీరు అరిచాడు. ఆమె అక్కడే నిలబడి, నీళ్ళు ఆమెని లాగుతుంటే, "బతికుండి దిగితేనే వద్దంటన్నావు నాయనా. చచ్చినాక దించుతారు, అప్పుడు వద్దనేవాడెవడు?" అందంట. జక్కరయ్య, అదే మన భయస్తుడు, బట్టలతోనే దూకి ఆమె చెయ్యి పట్టుకుని ఒడ్డుకి తెచ్చాడు. ఇంజనీరు జీపులోంచి కొలతటేపు తెప్పించాడు. బూట్లిప్పి ఆయనే గట్టు దిగాడు. రిపోర్టు కొట్టేసి కొత్తది రాసి, పైవాళ్ళ దగ్గరికి తనే తిరిగాడంట.

ఆ తర్వాతి ఎండాకాలం కాలవ కట్టేయగానే పని మొదలైంది, నీళ్ళొదిలేనాటికి వంతెన లేచింది. పెట్టె మోసే నలుగురూ, పక్కన ఇంకో ఇద్దరూ పట్టేంత వెడల్పు. అయ్యగారు ప్రార్థన పట్టీలోంచి ఇంజనీరు పేరు తీసేయబోతే, ఆయనే కబురు పెట్టాడు, మా అమ్మకి రెండో కన్ను మిగిలుంది, ఉంచండి అని. ఇక పల్లెలో పరాచికాలు చూడాలి. "సలోమమ్మా, వంతెన సిద్ధం, ఇక నీదే ఆలస్యం" అని జక్కరయ్యే అనేవాడు. "ఉండవయ్యా, దీన్ని చూసినాక చావబుద్ధి కావట్లేదు" అనేదామె. రోజూ సాయంత్రం వంతెన మీద నడిచిపోయి, యోహాను సమాధి దగ్గర కూచుని, వెలుగుండగానే తిరిగొచ్చేది. రాకలు కూడా ఉన్నాయని రాసుకోమని చెప్పండి ఆ ఆఫీసోళ్ళకి, అని నవ్వేది. అట్టా తొమ్మిదేళ్ళు బతికింది.

పోయింది ఎప్పుడనుకున్నారు? శ్రావణంలోనే. కాలవ గట్లొరుసుకుని పోతా ఉంది. అయినా ఎవరూ పంచె ఎగ్గట్టలేదు, ఎవరూ నీళ్ళ వంక చూడలేదు. భానుమూర్తి గారు రిటైరైపోయుండి కూడా వచ్చాడు, వంతెన నడిమధ్యలో ఒకణ్ణి తప్పించి పెట్టెకి తన భుజం పెట్టాడు. పాట మొదలుపెట్టిన చోట నుంచి దొడ్డి దాకా ఎక్కడా తెగలేదు. యోహాను పక్కనే పెట్టారు. పెట్టె పొడిగా ఉంది, నేను చేత్తో తడిమి చూశాను, అబద్ధమెందుకు చెప్తా. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

అదీ కథ. ఆ పాటల పుస్తకం ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది, వెనక పేజీలు ఇంకా రెండు ఖాళీ ఉన్నాయి. మన వీధి దీపాలు వెలక్క ఎన్నాళ్ళయిందో మీకు తెలుసుగా. అయ్యగారు పెన్సిలు చెక్కి పెట్టుకున్నాడు. ఆ కరెంటు ఆఫీసులో కూచునే ఆయన పేరేంటో, ఆయనకేం బాధుందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఇయ్యాల అప్పుడే శుక్రవారం, ఆదివారం వచ్చేస్తా ఉంది.