చందమామ మీద కుట్టిన చొక్కా

"మొదట్లో నేనూ బుడగలే పగలగొట్టానోయ్," అన్నాడు దర్జీ, వణికే కుడిచేతిని ఎడమచేత్తో ఒళ్లో అదిమిపెట్టి. టీకొట్టాయన అలవాటుగా ఆయనకి సగం గ్లాసే పోశాడు. నిండా పోస్తే చొక్కా తాగుతుంది మరి.

వణుకుడు జబ్బొచ్చి కత్తెర పక్కన పెట్టాక, ఆస్పత్రివాళ్లు ఆయనకి వీఆర్ కళ్లద్దాలు ఇంటికిచ్చారు. అవి పెట్టుకుని, ఎదుట తేలుతున్నట్టు కనిపించే బొమ్మ బుడగల్ని చేతికి కసరత్తుగా కొట్టాలి. బుడగకో మార్కు. మార్కులు పెరగకపోతే కళ్లద్దాలు వెనక్కి తీసుకుంటామన్నారు.

"మొదటివారం పన్నెండు. మూడోవారం నూట ఇరవై! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊదలేక కంపెనీవాడే చేతులెత్తేశాడు. సరేనని రెండు కొండల మధ్య తాడు కట్టి నడవమన్నారు. నడవడమేంటి, మధ్యలో కూర్చుని చొక్కా కుట్టేశాను!"

"కాజాలతో సహానా బాబాయ్?" అన్నాడు పక్క షాపు మంగలి.

"కాజాలేం ఖర్మ, పైన ఎగిరే డేగకి కొలతలు కూడా తీశాను. అట్నుంచటే చందమామ ఎక్కాను. అక్కడ గాలుండదు కదా, చెయ్యి వణకదు. సూదిలో దారం ఒక్కసారికే..." ఆయన అందరి వంకా చూశాడు. "వచ్చేనెల కొట్టు తెరుస్తున్నా. గుడ్డలు తెచ్చుకోండి."

వెనకే వచ్చి నిలబడ్డ భార్య ఆ మాట విని ముందుకొచ్చింది.

"ఏమండీ, ఆస్పత్రి అమ్మాయి ఫోన్ చేసింది. మార్కులు చూస్తే మీకు బాగా తగ్గిందట. సాయంత్రం కళ్లద్దాలు తీసుకెళ్తారట. మాత్రలు కూడా సగం చేస్తారట."

"విన్నారా!" దర్జీ బల్ల చరిచాడు.

మాత్రలు సగమైతే మనిషి మంచం దిగలేడు. ఆమెకి తెలుసు.

"ఆ నూట ఇరవై నావండీ," అంది. "మధ్యాహ్నం మీరు పడుకున్నాక నేనే ఆడాను. పట్టుకుపోతారేమోనని భయమేసింది. అవి పెట్టుకున్నప్పుడే కదా మీరు నవ్వేది."

మంగలి తల దించుకున్నాడు.

"మరి నిన్న నావెన్ని?"

"ఏడు."

దర్జీ గ్లాసు పక్కన పెట్టాడు. ఆస్పత్రికి ఫోన్ కలపమన్నాడు. చెవికి ఆనించుకోబోయి రెండుసార్లు తప్పాడు. ఆమే పట్టుకుంది.

"అమ్మా, దర్జీని," అన్నాడు, పుట్టి బుద్ధెరిగి వందకి తక్కువ చెప్పని మనిషి. "నావి ఏడేనమ్మా. మొదట్లో పన్నెండు వచ్చేవి."