గాల్వేలో ఉండి చూసిన సాక్షి

లాక్‌డౌన్ సడలించాక మొదటిసారి డబ్లిన్ శివారు టాలాలో లీలారాణి ఆంటీ ఇంటి పెరట్లో తెలుగువాళ్ళు కొందరు కలిశారు. కుర్చీలు దూరదూరంగా వేసుకుని టీ తాగుతుంటే యోనా అంకుల్ అందుకున్నాడు.

"బైబిల్ మీద చెయ్యేసి అబద్ధం చెప్పానబ్బాయ్. చెప్పాను, అయితే ఏంటంట? నర్సింగ్ హోములో పనిచేసే పిల్ల కరోనా తెస్తదని మా ఇంటి ఓనరు, మాతోపాటే అద్దెకున్న మన నిస్సీని సూట్‌కేసుతో సహా మెట్ల మీంచి తోసేశాడు. చెయ్యి విరిగింది, కేసు పెట్టింది, సాక్షి మాత్రం లేడు. నేనేమో ఆ రోజు రెండొందల కిలోమీటర్ల అవతల గాల్వేలో ఉన్నా. అయినా బోనెక్కి, కళ్ళారా చూశానన్నా."

"గాల్వే నుంచా?" అన్నాడు హేమచంద్.

"విను మరి. అవతల ఏడుగురు లాయర్లు. ఎంత దూరం నుంచి చూశావని ఒకడడిగాడు. నిజం చూడ్డానికి లాక్‌డౌన్‌లో లాగా ఐదు కిలోమీటర్ల రూలు లేదన్నా, కుర్చీలో కూలబడ్డాడు. మిగతా ఆరుగురూ గౌన్లు విప్పేసి మన పక్కకొచ్చి కూర్చున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జడ్జిగారు కిందికి దిగొచ్చి, చేతులు కలపకూడదు గదా, మోచేతికి మోచెయ్యి తగిలించి, మిస్టర్ యోనా, ఐర్లండు పుట్టాక ఇట్టాంటి సాక్ష్యం వినలేదన్నాడు. బయట గార్డా పోలీసులు వరసకట్టి సెల్యూట్. నేనెక్కేదాకా లువాస్ ట్రామ్ కదల్లా."

"దొంగ సాక్ష్యమని తెలిస్తే జైలు కదండీ," అంది లీలారాణి.

"వెయ్యమను. నువ్వు చూశావా అని నా మొహం మీద అడిగే మొగాణ్ణి రమ్మను."

"మీరు చూశారు అంకుల్."

పక్క గేటు దగ్గర, డ్యూటీ బట్టల్లోనే, నిస్సీ. ఎప్పుడొచ్చిందో ఎవరూ గమనించలేదు.

"గాల్వేలో లేరు, వంటగదిలో ఉన్నారు. అంకుల్ అని పిలిస్తే నా మొహం చూసి తలుపేసుకున్నారు. కోర్టులో జడ్జి అడిగితే నిద్రపోతున్నానన్నారు. అబద్ధం చెప్పిన మాట మాత్రం నిజమే. నా ఒక్కదాని మాట మీదే వాడికి శిక్ష పడింది."

యోనా గొంతు బాగా తగ్గింది.

"వాడు మమ్మల్ని కూడా గెంటేస్తే, ఆ రోజుల్లో పిల్లల్తో ఎక్కడికి పోవాలమ్మా?"

లీలారాణి కుర్చీ జరిపింది. నిస్సీ కూర్చోలేదు.

"నేనెక్కడికి పోయానో అడిగారా అంకుల్?"