డెన్మార్కు తీగ

నరసరావుపేటలో ఒక బ్యాంకు బ్రాంచి. భోజనానికి లేవబోతున్న అసిస్టెంట్ మేనేజర్ వీరయ్య ఎదుట నిరోష గట్టిగా కూర్చుంది. పక్క కుర్చీలో ఆమె అత్తగారు జ్ఞానమ్మ, రిటైరయిన లెక్కల టీచరు. చెవి మిషను పాడైన దగ్గర్నుంచి ఆమెకు ఏమీ వినపడదు.

"కార్డు ఎవరి పేరున ఉందో ఆమే ఫోన్లో మాట్లాడాలి మేడం. అది రూలు."

"మాట్లాడటానికి లోటేం లేదు సార్. మా అత్తయ్య వినుకొండ హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పారు. మాట్లాడతారు, వినపడదు, అంతే. మీ బ్యాంకు ఫోను కూడా అట్టాంటిదే గదా. అదీ మాట్లాడిద్ది, వినదు. ఇద్దరికీ బాగా కుదిరింది."

"మీరు కోపంగా ఉన్నారు."

"లేదు సార్. కోపం మొదటి వారంలోనే అయిపోయింది. ఇప్పుడు మిగిలింది గౌరవమే."

"నేను కొత్తగా వచ్చా. ఇంతకు ముందున్న సారు మాచర్ల ట్రాన్స్‌ఫర్ అయ్యారు. నాకు సంగతేందో తెలియదు."

"ఆయనకి తెలిసేసరికే ట్రాన్స్‌ఫర్ చేశారు. మీరూ జాగ్రత్తగా వినండి."

"చెప్పండి."

"చెవి మిషన్లో ఒక సన్న తీగ తెగింది. తీగ చివర గింజంత స్పీకరు ఉంటది, అది చెవిలోకి పోద్ది. పేటలో అడిగా, గుంటూరులో అడిగా. ఆ మోడలు ఆపేశారు, మిషను మొత్తం కొత్తది కొనమన్నారు. తీగ తెగితే మనిషిని మార్చమన్నట్టు. నెట్లో వెతికితే డెన్మార్కులో ఒక కొట్టాయన దగ్గర తీగ ఒక్కటే దొరికింది. సరేనని మా ఆయన బెంజిమిన్ కార్డు నంబరు పెట్టాం."

"డిక్లైన్ అయింది."

"చూశారా, వినకుండానే చెప్పేశారు. డిక్లైనే కాదు, కార్డే ఆపేశారు. కొత్తది పోస్టులో పంపుతున్నామన్నారు. కోటప్పకొండ శివరాత్రి తిరనాళ్ళకు ముందు మాట అది. ఇంతెత్తు ప్రభలు కట్టారు, కొండకాడికి తీసుకెళ్ళారు, విప్పేశారు. కార్డు ఇంకా దారిలోనే ఉంది."

"విదేశీ సైట్లలో మోసాలు చానా ఎక్కువ మేడం. మా సిస్టమ్‌కి అనుమానం వస్తే ఆపేసిద్ది. మీ మంచికే."

"మా మంచికే సార్, కాదన్నానా. పోయినేడు ఎవడో మా ఆయన కార్డు మీద ఢిల్లీలో సెల్‌ఫోన్ కొనుక్కున్నాడు. అప్పుడు మీ సిస్టమ్‌కి ఏ అనుమానమూ రాలా. ఢిల్లీ మనదే గదా అనుకుంది పాపం. చెవి తీగ అనేసరికి దానికి ఎక్కడలేని తెలివొచ్చింది."

"అట్టా కాదు..."

"అటుపక్క డెన్మార్కాయన కూడా తక్కువోడు కాదు. రెండు కార్డులు తిరగ్గొట్టించుకున్న మనిషి దొంగై ఉంటదని, గుర్తింపు కార్డు ఫొటో పంపమన్నాడు. మీకేమో ఆయన దొంగ. ఆయనకేమో నేను దొంగ. మధ్యలో తీగ మాత్రం ఆయన అల్మారాలో నిక్షేపంగా ఉంది."

"రెండోది ఈ అమ్మగారి కార్డా?"

"అవును. మీవాళ్ళు చెప్పినట్టే యాప్‌లో విదేశీ కొనుగోళ్ళు అనేదాన్ని ఆన్ చేశాం. ఓటీపీ వచ్చింది, కొట్టాం. ఆపేశారు. తర్వాత ఫోనొచ్చింది. 'ఈ కొనుగోలు మీరే చేసినట్లయితే ఒకటి నొక్కండి.' చెవుడున్న మనిషికి చెవి మిషను తీగ అమ్మాలంటే ఆమె చెవితో విని నొక్కాలంట. ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, ఆయన్ని ఒక్కసారి చూడాలని ఉంది."

"మీరు ఎత్తి ఉండాల్సింది."

"ఎత్తా. ఒకటి నొక్కా. మనిషి లైన్లోకొచ్చాడు. జ్ఞానమ్మగారేనా అన్నాడు. అవునన్నా."

"అది తప్పు మేడం. వేరేవాళ్ళు అట్టా చెప్పకూడదు."

"తప్పే. దానికి శిక్ష కూడా పడింది. పుట్టిన తేదీ అడిగాడు, చెప్పా. వాళ్ళమ్మ పేరు అడిగాడు, చెప్పా. అంతా విని, 'రికార్డు ప్రకారం మీకు అరవై దాటింది, గొంతు అట్టా లేదు' అన్నాడు. ఇంకెవరన్నా ఇంకెప్పుడన్నా ఆ మాటంటే సంతోషించేదాన్ని. మళ్ళీ ఫోనొస్తే ఈసారి అత్తయ్య చేతికే ఇచ్చా. స్పీకర్ పెట్టి, వాళ్ళడిగింది కాయితం మీద రాసి చూపిస్తన్నా, ఆమె చెప్తన్నారు. 'పక్కన ఎవరో చెప్పిస్తున్నారు, ఆమె ఒత్తిడిలో ఉన్నారు' అని పెట్టేశాడు. ఇంటి కోడల్ని పట్టుకుని కిడ్నాపర్ని చేశారు."

"నవ్వకూడదు గానీ..."

"నవ్వండి సార్, దానికి చార్జీ లేదు గదా. ఇక్కడికొచ్చి వినపడదని అర్జీ రాసిచ్చా. మీ ముందు సారు కార్డు తెరిపించారు. కొన్నా, ఆగిపోయింది. మళ్ళీ వచ్చా, మళ్ళీ తెరిపించారు, మళ్ళీ ఆగిపోయింది. ఆటోవాళ్ళు నన్ను చూస్తే బ్యాంకుకేనా అక్కా అని వాళ్ళే అడుగుతున్నారు."

"ఒక పని చెయ్యండి. ఆ కొత్త మిషనేదో ఇక్కడే కొనేస్తే..."

"సార్, మొన్న మల్లమ్మ సెంటర్లో రోడ్డు దాటుతున్నాం. నేను కూరగాయల సంచీ సర్దుకుంటా ఒక్క అడుగు వెనకబడ్డా. బస్సు హారన్ కొడతానే ఉంది. ఆమె నడుస్తానే ఉన్నారు. నేను అరిచా. అరిస్తే ఏం లాభం? పరిగెత్తి చెయ్యి పట్టి లాగా. బస్సు ఆమె కొంగు రాసుకుంటా పోయింది. ఇంటికొచ్చేదాకా ఆ చెయ్యి వదల్లా. కొత్త మిషను కొనే స్తోమతుంటే మీ ముందు ఇట్టా కూర్చుంటానా? మీ కంప్యూటర్ని అడగండి, ఆ బస్సు మీద దానికేమన్నా అనుమానం వచ్చిద్దేమో."

వీరయ్య టిఫిన్ డబ్బా పక్కకు జరిపి కంప్యూటరు వైపు తిరిగాడు.

"కార్డు చివరి నంబర్లు చెప్పండి. ఆ... వచ్చింది. మేడం, మీ అర్జీ ఎక్కించారు ఇక్కడ. 'వినికిడి లోపం, ఫోన్ చేయరాదు' అని ఉంది. ఆ తర్వాత మావాళ్ళు ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలా."

"అంటే ఆమే ఫోన్లో మాట్లాడాలన్న రూలు..."

"ఈమె విషయంలో లేదు. నేను ముందే చూడాల్సింది."

"పర్లేదు సార్. మీ బ్యాంకుకు తెలిసింది మీకు తెలియాలని రూలేం లేదుగా. మరి ఫోన్ చెయ్యకుండా ఎట్టా ఆపేస్తన్నారు?"

"మెసేజ్ పంపుతున్నారు. 'ఈ కొనుగోలు మీదేనా? అవునైతే వై, కాకపోతే ఎన్ అని జవాబివ్వండి' అని."

"ఆ మెసేజ్ మాకు రాలేదు."

"వచ్చింది. ప్రతిసారీ జవాబు కూడా వచ్చింది. ఎన్ అని. ఎన్ వస్తే కార్డు ఆగిపోద్ది."

"ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"ఈమె నంబరు నుంచే."

"అదీ సంగతి. ఇంతకాలం చెవి తీగ కొనేదాన్ని పట్టుకున్నారు గానీ, అసలు దొంగని వదిలేశారు. ఎవడో మా అత్తయ్య ఫోన్లో దూరి కూర్చున్నాడు సార్. పోలీస్ కంప్లైంట్ రాస్తా, కాయితం ఇవ్వండి. ఈ మనిషికి వినపడకుండా చెయ్యటం వల్ల వాడికేం ఒరుగుద్దో అది కూడా అడుగుతా."

"ఆగండి మేడం, తొందరపడొద్దు..."

"తొందరా? ఇంకా తొందరా?"

"కంప్లైంట్ వద్దు నిరోషా. ఎన్ కొట్టింది నేనే."

అప్పటిదాకా నోరు విప్పని జ్ఞానమ్మ అన్న మాట అది. గొంతు ఎంత పెంచాలో తెలియక కాస్త గట్టిగానే అంది. కౌంటరు ముందు నిలబడ్డవాళ్ళు తిరిగి చూశారు.

"అమ్మా, మేం మాట్లాడేది మీకు వినపడతందా?"

"వినపడట్లా బాబూ. మీ పెదాలు కనపడతన్నయి. వెనక బెంచీలో గుసగుసలాడే పిల్లల మూతులు చూసి చూసి వచ్చిన విద్య."

"మీరా? అత్తయ్యా, మీరే కొట్టారా?"

"నేనే."

"ఎన్ అంటే కాదని అర్థం. తెలిసే కొట్టారా?"

"లెక్కల టీచర్నమ్మా. వైకీ ఎన్‌కీ తేడా తెలుసు."

"నేను ఎండలో పడి ఎన్నిసార్లు తిరిగానో మీకు తెలియదా?"

"ఎన్ కొడితే ఆ కొనటం ఒక్కటే ఆగుద్దనుకున్నా, కార్డే ఆగుద్దని తెలియదు. నువ్వు తిరిగేది బెంజిమిన్ కార్డు కోసం అనుకున్నా. నా తీగ కోసమని ఇయ్యాల ఈ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది. బాబూ, మళ్ళీ తెరిపించండి. ఈసారి వై కొడతా. ఈ పిల్లని ఇంక తిప్పను."

"తెరిపిస్తానమ్మా. ఇప్పుడే అయిపోద్ది."

"ఆగండి సార్. ముందు నాకు చెప్పాల. బస్సు కింద పడబోయారు అత్తయ్యా. ఆ తర్వాత కూడా ఎన్నే కొట్టారా?"

"కొట్టా."

"భయం వెయ్యలా?"

"వేసింది. వై కొడదామనే ఫోన్ తీశా. నా వల్ల కాలా."

"ఎందుకని?"

"మిషను చెవిలో ఉన్నన్నాళ్ళూ నువ్వు వంటింట్లోంచి ఒక కేకేసేదానివి. బెంజిమిన్ ఫోన్ చూసుకుంటా ఒక కేకేసేవాడు. గోడల్లోంచి మాటలొచ్చి పడేయి. మీ తప్పు కాదు, వినపడే మనిషి దగ్గరికి రావాల్సిన పనేముంది? తీగ తెగినాక, ఏ చిన్న మాటకైనా నువ్వు పొయ్యి కట్టేసి వచ్చి నా ముందు కూర్చుంటన్నావు. నా మొహంలోకి చూసి మాట్లాడతన్నావు."

"అత్తయ్యా..."

"నీ ఎడమ బుగ్గ మీద చిన్న మచ్చుంది నిరోషా. ఎనిమిదేళ్ళ నుంచి ఒకే ఇంట్లో ఉంటన్నాం. నేను మొన్ననే చూశా."