చేతులెత్తిన ఓటు

షికాగో రిహార్సల్ హాలు బయట, వాచిన మోకాలికి ఐసు పెట్టుకున్న డాన్సర్ రెనాటాకి, యూనియన్ ప్రతినిధిగా తామే ఎన్నుకున్న కర్టిస్ ఎదురొస్తుంటే ఒళ్లు మండిపోయింది.

"అలా చూస్తావేంటి రెనాటా? ఈ పూట రిహార్సల్ మధ్యలో బ్రేక్ వద్దని అందరూ ఒప్పుకున్నారుగా!"

"ఒప్పుకున్నారా? యూనియన్ రూల్ ప్రకారం చీటీల మీద రహస్యంగా పెట్టాల్సిన ఓటు కదరా అది! డైరెక్టర్ ఎదురుగా చేతులెత్తమంటావా?"

"టైమ్ లేదే. చీటీలు చింపుతూ కూర్చోమంటావా?"

"పైగా ఆయన పక్కనే నిలబడి పళ్లికిలించావ్. చూస్తుంటే వాంతొచ్చింది."

"అంత రోషముంటే నువ్వెందుకెత్తావ్ చెయ్యి?"

రెనాటా మోకాలి మీది ఐసు తీసి పక్కన పడేసింది.

"ఎత్తాను! ఇంత మోకాలేసుకుని, నేనూ ఎత్తాను! ఆయన నా వైపే చూస్తున్నాడు మరి. ఛీ, అందుకే కదరా రహస్యంగా పెట్టమనేది!"