సున్నం కింది పేరు

పాత సమాధుల తోట. ఉత్తరపు గోడ పక్కన ఒక తాత, ఆయన మనవరాలు, వాళ్ళ మధ్య ఒక రాయి. ఎండ ఇంకా ఏటవాలుగానే ఉంది.

"అద్దం దించు తాతయ్యా. చాలు."

"అప్పుడేనా? చెయ్యి వణక్కుండా ఉన్నప్పుడే నన్ను వాడుకో అమ్మడూ. ఆ చివర పడుకున్నాడే దర్జీ, వాడి రాయి మీదకి కూడా వెలుగు కొట్టనా? వాడి సంగతి తెలుసా నీకు?"

"నిన్న చెప్పావు."

"నిన్న చెప్పింది సగమే. పెట్టెలో పడుకోబెట్టాక లేచి కూర్చున్నాడు. భుజాల దగ్గర బిగుతుగా ఉంది, కుట్టు విప్పి రెండు వేళ్ళు వదులు చెయ్యండయ్యా అన్నాడు. ఇది చెక్కరా, చొక్కా కాదు అన్నాడు వడ్రంగి. అయితే సరేలే అని మళ్ళీ పడుకున్నాడు. అంత మంచివాడు."

"తాతయ్యా."

"నమ్మకపోతే వాణ్ణే అడుగు. అక్కడే ఉన్నాడు, ఎక్కడికీ పోడు."

"తాతయ్యా, ఈ రాయి గురించి మాట్లాడాలి."

"మా అమ్మ రాయి గురించి మాట్లాడేదేముంది? నంబరు వెయ్యి, ఫోటో తియ్యి, పటంలో చుక్క పెట్టు. తోటలో ఉన్నవాళ్ళందరికీ పేరూ వివరం రాశావు. సొంత తాతమ్మ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయిందా?"

"ఆగింది. మొన్న ఈ రాయి మీద సున్నం వలిచాను. తడిగుడ్డ కప్పి నానబెట్టి, వెదురుపుల్లతో మెల్లగా. ఎన్ని పొరలో! ఉల్లిపాయకి కూడా అన్నుండవు."

"ఏటేటా వేశాను మరి. నాకంటే ముందు మా నాన్న వేశాడు. మా ఇంటి గోడలకి లేకపోయినా మా అమ్మకి మాత్రం సున్నం ఉండేది."

"ఆ సున్నమే అక్షరాల్ని కాపాడింది. వానా ఎండా తగలకుండా."

"చూశావా? మన చేతి మహిమ."

"పక్కనుంచి వెలుగు పడితే అంతా చదవొచ్చు. నిన్ననే చదివాను. ఇవాళ అద్దం నీ చేత పట్టించింది నువ్వే చూస్తావని. నువ్వు రాయి వైపు తలే తిప్పలేదు."

"మెడ పట్టేసింది."

"ఏం రాసుందో అడగవా?"

"మా అమ్మ పేరు నాకు తెలీదా ఏం?"

"అది మీ అమ్మ పేరు కాదు."

"అద్దం మసకగా ఉండుంటుంది. తుడిచి చూడు."

"తుడిచే చూశాను. ఆసుపత్రి నర్సు తాతయ్యా. విషజ్వరాలొచ్చిన ఏడాది పోయిందని ఉంది. తోటి నర్సులు పెట్టించిన రాయి అని కింద చెక్కారు."

"ఒకే రాయి కింద ఇద్దరుండకూడదా? ఇల్లు దొరకనప్పుడు బతికున్నవాళ్ళు సర్దుకోవట్లా?"

"నవ్వించకు. ఆ నర్సమ్మ చెల్లెలి మనవరాలు ఎన్నాళ్ళుగానో ఊరూరా వెతుకుతోంది. పాత సమాధుల వివరాలు రాసే మా సంఘంవాళ్ళనీ అడిగింది. నిన్న ఫోన్ చేసి చెప్పేశాను. సాయంత్రం రైలుకి వస్తోంది."

"చెప్పేశావా. నాతో ఒక్క మాట అనకుండానే."

"ఏమని అడగను నిన్ను? దొరకలేదని అబద్ధం చెప్పనా అని అడగనా?"

"వద్దులే. రానీ. వెతికి వెతికి వస్తోంది పాపం. ఆవిడకి చెప్పు, మీ అవ్వ దిక్కులేకుండా ఏమీ పడిలేదు, ఒక ముసలాడు గడ్డిపోచ మొలవనివ్వలేదు అని."

"నీకు కోపం రాలేదా?"

"ఎవరి మీద, నర్సమ్మ మీదా? ఇన్నేళ్ళుగా నా గోడు మొత్తం విని ఒక్క మాట ఎదురు చెప్పని మనిషి. మీ నానమ్మ అంత ఓపిగ్గా ఎప్పుడైనా విన్నదా?"

"ఇది మన పొరపాటే అయ్యుంటుంది. నువ్వప్పుడు చిన్నపిల్లాడివి. ముత్తాత ఏడుస్తూ ఏ రాయి చూపించాడో, నువ్వు ఏ రాయి గుర్తు పెట్టుకున్నావో."

"అంతే అయ్యుంటుంది. పద, ఎండెక్కుతోంది."

"ఆగు. ఈ పక్క వరసలో రాళ్ళు మట్టిలో కుంగి ఉన్నాయి. ఇనప ఊచ గుచ్చితే ఖంగుమంటున్నాయి. రేపు ఇద్దరు కూలీల్ని మాట్లాడాను. తవ్వించి మన తాతమ్మని వెతికి తీస్తాను."

"వద్దు."

"పక్క సమాధులకి ఏమీ కాకుండా చూస్తా—"

"వద్దన్నానా."

"ఊళ్ళోవాళ్ళ అవ్వలందర్నీ వెతికిపెట్టి మన ఇంటి మనిషిని వదిలెయ్యమంటావా? సంఘంవాళ్ళ పుస్తకం వచ్చే వారం అచ్చుకి పోతోంది. మీ అమ్మ పేరు ఏ పేజీలో పెట్టను? నాన్నకి ఏం చెప్పను? నడక రాకముందు నుంచీ మా చేత ఇక్కడ దణ్ణం పెట్టించావు కదా."

"అమ్మడూ, ఆ వరసలో ఒక వస్తాదు ఉన్నాడు. వాడు గురక పెట్టీ పెట్టీ గోడ ఒరిగింది. నువ్వు ఊచ పెట్టి గుచ్చావంటే—"

"ఎందుకొద్దో చెప్పు."

"అక్కడ లేదు గనక."

"ఏది లేదు?"

"మా అమ్మ. ఆ వరసలో లేదు. ఏ వరసలోనూ లేదు."

"మరెక్కడుంది?"

"నాకు ఐదేళ్ళప్పుడు ఒక పొద్దున లేచి చూస్తే ఇంట్లో లేదు. రోజూ వీధి మలుపులో అరుగు మీద కూర్చునేవాణ్ణి, వస్తుందని. తిండి కూడా అక్కడికే తెచ్చి పెట్టాల్సొచ్చేది. జ్వరమొచ్చినా లేచేవాణ్ణి కాదు. చివరికి మా నాన్న చెయ్యి పట్టుకుని ఇక్కడికి తీసుకొచ్చాడు. ఇదిగోరా మీ అమ్మ, ఇక్కడ పడుకుంది, ఇంక వీధిలో కూర్చోకు అన్నాడు. అప్పటికే రాయంతా తెల్లగా ఉంది. నాకు అక్షరాలు రాకముందే ఆ పేరు మూసేశాడు."

"ఇది కూడా నీ కథల్లో ఒకటా?"

"కథైతే ఇంత పొట్టిగా చెప్తానా?"

"అంటే ఆవిడ వెళ్ళిపోయిందా? ఎందుకు?"

"అది ఆవిడకి తెలిసిన సంగతి. మా నాన్న చెప్పలేదు, నేను అడగలేదు."

"చచ్చిపోలేదని నీకెలా తెలిసింది?"

"ఎక్కాలు బట్టీ కొట్టే వయసప్పుడు. బడి నుంచి వస్తుంటే మా గుమ్మం దగ్గర ఒకావిడ గొడుగేసుకుని నిలబడి ఉంది. ఇంట్లో మీ అమ్మ ఉందా బాబూ అంది. నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడేమో కనుక్కుందామని కాబోలు. మా అమ్మ చచ్చిపోయిందండీ అన్నాను."

"ఏమంది?"

"గొడుగు ముడిచి నా మొహంలోకి చూసింది. నమ్మలేదనుకున్నాను. కావాలంటే సమాధి చూపిస్తా రండి, ఈ ఏడు సున్నం నేనే వేశాను అన్నాను. ఊళ్ళో ఏ పిల్లాడికీ లేని వింత నాకే ఉన్నట్టు గొప్పగా తీసుకొచ్చాను."

"వచ్చిందా?"

"వచ్చింది. దారంతా నా చెయ్యి వదల్లేదు. అన్నం ఎవరు వండుతారు, తలకి నూనె ఎవరు రాస్తారు అని అడుగుతూనే ఉంది. రాత్రి మా నాన్నకి చెప్పాను, గొడుగు గురించీ, గడ్డం మీద పుట్టుమచ్చ గురించీ. నోటి దగ్గర ముద్ద కంచంలో పడేసి బస్టాండుకి పరిగెత్తాడు. చెప్పులు కూడా వేసుకోలేదు."

"తాతయ్యా... అంటే ఆవిడ..."

"అందుకే తవ్వించొద్దంటున్నాను. మా అమ్మ ఈ తోటకి వచ్చింది ఒక్కసారే. నా పక్కనే నిలబడి, తన సమాధికి తనే దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయింది."