చివరి గడి

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ అది. వదిన ఆరిన దుప్పట్లు మడతపెడుతోంది. మరిది ఇస్త్రీ బల్ల మీద ఆస్పత్రి వాళ్లిచ్చిన కాగితం నింపుతున్నాడు.

“ఏ ఆపద వచ్చినా ఉతుకుడు ఆగకుండా ఎవరు చూస్తారో రాయాలట వదినా. కరెంటు పోతే?”

“నేనే. ఆ జనరేటరు తాడు నువ్వు లాగితే మొండికేస్తుంది.”

“నీళ్లు రాకపోతే?”

“నన్నే రాయి. ట్యాంకరతను నేను నాలుగు తిడితేగాని కదలడు.”

“మిషను ఆగిపోతే?”

“మెకానిక్కు నెంబరు నాకొక్కదానికేగా నోటికొచ్చు.”

“అన్నిట్లోనూ నువ్వే. చివర్న ఇంకో గడి ఉంది, ఆ మనిషి లేకపోతే ఎవరని.”

“పన్నెండేళ్లలో ఎన్ని రోజులు లేను?”

“ఒక్కరోజు. జ్వరమొచ్చి పడుకున్నావు.”

“ఆ ఒక్కరోజూ తడి దుప్పట్లే పంపేశారు. మర్నాడు చీవాట్లు తిన్నది మళ్లీ నేనే.”

“పోనీ, ఖాళీగా వదిలెయ్యనా?”

“వద్దు, నీ పేరు రాయి. రేపు పొద్దున్నే ఆ తాడు ఎలా లాగాలో చూపిస్తా.”

“ఇప్పుడేం తొందర వదినా?”

“సోమవారం నాకు ఆపరేషను. మీ అన్నయ్యకీ నిన్ననే చెప్పాను.”

“ఏ ఆస్పత్రిలో?”

“ఈ కాగితం ఇచ్చినదాంట్లోనే. వారం రోజులు ఆ దుప్పట్ల మీదే పడుకోవాలి. కాస్త ఆరనిచ్చి పంపు నాయనా.”